పాత ఎస్‌యూవీ కొంటున్నారా? ముందు కింద పడుకుని చూడండి

ప్రశ్న: పద్దెనిమిదేళ్ల నాటి డీజిల్ ఎస్‌యూవీ ఒకటి చూశాను. ఫోర్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. మీటరు లక్షా పదివేల కిలోమీటర్లు చూపిస్తోంది. నేను వెళ్లేసరికే యజమాని బండి స్టార్ట్ చేసి ఉంచారు. ఇంజిన్ చప్పుడు మెత్తగా ఉంది. సీటు కవర్లు కొత్తవి. కింది భాగానికి ఈమధ్యే నల్ల రంగు కొట్టించానని చెప్పారు. మెకానిక్‌ను తీసుకువెళ్లే ముందు నా అంతట నేను ఏమేం చూసుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర నా చూపు ఆగిపోయింది. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంది, బండి కింద కొత్త నల్ల రంగు ఉంది. రెండింటికీ మంచి కారణాలే ఉండవచ్చు. యజమాని మర్యాద కొద్దీ బండి సిద్ధం చేసి ఉండవచ్చు, తుప్పు పట్టకూడదని రంగు కొట్టించి ఉండవచ్చు. అయినా పాత బండి లోపాలు దాక్కునేది ఎక్కువగా ఆ రెండింటి చాటునే కనుక మీరు మళ్లీ వెళ్లక తప్పదు.

కొనేవాళ్లు చాలామంది బానెట్ ఎత్తి ఇంజిన్ ముందే నిలబడిపోతారు. నేను మాత్రం ముందు కింద పడుకోమంటాను. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయవచ్చు, మరొకటి తెచ్చి బిగించవచ్చు. ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం, కుళ్లితే ఆ బండి పని అయిపోయినట్టే. ఈ తరహా పాత ఎస్‌యూవీలలో చాలావాటి ఛాసిస్‌లో రెండు పొడవాటి ఉక్కు పట్టీలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు ఉంటాయి. వాటి మీద రబ్బరు దిమ్మెలు వేసి బాడీని బోల్టులతో బిగిస్తారు. ఆ పట్టీలు లోపల బోలుగా ఉంటాయి. వాటికున్న రంధ్రాల గుండా బురద, ఉప్పునీరు లోపలికి చేరి అక్కడే ఉండిపోతాయి. అందుకే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ ఛాసిస్‌ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పేరున్న తయారీదారులూ దీనికి మినహాయింపు కాదు. టకోమా, టండ్రా పికప్‌లతో పాటు సెక్వోయా ఎస్‌యూవీల ఛాసిస్‌లు తుప్పుపడుతున్నాయన్న దావాలో రాజీకి వచ్చి, వాటిని తనిఖీ చేసి అవసరమైతే మార్చి ఇవ్వడానికి 2016లో టయోటా అమెరికాలో ఒప్పుకుంది.

టార్చి, చిన్న సుత్తి వెంట తీసుకెళ్లండి. జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం దూరవద్దు. ఈ బండ్లు ఎత్తుగానే ఉంటాయి, నేల మీద పడుకుంటే చాలు. వెనక ఇరుసు మీదుగా పట్టీ వంపు తిరిగే చోటు, స్ప్రింగులూ సస్పెన్షన్ ఆర్ములూ తగిలించిన బ్రాకెట్లు, బాడీని నిలిపే దిమ్మెల చుట్టుపక్కల, ఇంధన ట్యాంకు వెనక దాగిన భాగం, ఇవన్నీ ఓపికగా చూడండి. యజమాని అనుమతి తీసుకుని సుత్తితో నెమ్మదిగా తట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది. కుళ్లిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది, పెచ్చులు రాలతాయి. తట్టనివ్వను అంటే అదీ ఒక జవాబే, ఆ బండి వద్దనుకుని వచ్చేయండి. పైపైన ఎర్రటి పొడి తుప్పు కనిపిస్తే బెదిరిపోనవసరం లేదు, ఈ వయసు బండికి అది మామూలే. పాత పట్టీ మీద కొత్త రేకు అతికి వెల్డింగ్ చేసి, దాని మీద దట్టంగా నల్ల పూత పూసి ఉంటే మాత్రం ఆ బేరం వదిలేయండి. రంగు కొట్టడానికి ముందు తీసిన ఫోటోలున్నాయేమో అడగండి. శ్రద్ధగా చేయించినవారు వాటిని సంతోషంగా చూపిస్తారు.

ఇక ఇంజిన్. ఈసారి పొద్దున్నే వస్తానని, అప్పటిదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లని డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు కాసేపు తెల్లపొగ వచ్చి పోతే ఫరవాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గక, తియ్యటి వాసన వేస్తే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) లోపల కాలుతోందన్నమాట. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త నల్లపొగ పాత డీజిల్‌కు సహజం, మబ్బులా కమ్మేస్తే టర్బో, ఇంజెక్టర్లు, గాలి ఫిల్టర్ చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. కొద్దిపాటి ఆవిరి రావడం మామూలే. మూతను ఎగదన్నేంత ఒత్తిడితో పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టు అనుమానించాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ నల్లగా ఉందని భయపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. భయపడాల్సింది అది పాలు కలిసినట్టు కనిపించినప్పుడు. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోసు రాయిలా బిగుసుకుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ దిమ్మెకూ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. వేడి మీద రేడియేటర్ మూత తెరవకండి, ఒళ్లు కాలుతుంది.

చాలామంది చూడకుండా వదిలేసేది ఫోర్ వీల్ డ్రైవ్. డాష్‌బోర్డులో దీపం వెలిగితే పని చేస్తోందని నమ్మేస్తారు. కంకర నేల గానీ మట్టి నేల గానీ వెతుక్కుని ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే స్థానం) వేసి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. స్టీరింగు బరువెక్కి, ముందు చక్రాలు గుంజుతున్నట్టు తెలియాలి. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ‘ఫోర్ లో’ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే స్థానం) వేయండి. మొదటి గేరులో పెడళ్ల మీంచి కాలు తీసేసినా బండి పాకుతూ పోవాలి. ఈ పరీక్ష పొడి తారురోడ్డు మీద చేయవద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరుగుతాయి. మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని బండిలో ఆ తేడా సర్దుకునే దారి లేక షాఫ్టులూ గేర్లూ బిగుసుకుంటాయి. ఫోర్ వీల్ ఎప్పుడూ వాడలేదని యజమాని గొప్పగా చెప్తే నేను ఇంకొంచెం జాగ్రత్తపడతాను. ఏళ్ల తరబడి కదలని లివర్లూ హబ్బులూ పట్టేస్తాయి, వ్యాక్యూమ్ గొట్టాలు పగులుతాయి. అప్పుడప్పుడూ వాడినదే మేలు.

మీటరు సంగతికి వస్తే, పద్దెనిమిదేళ్లకు లక్షా పదివేలంటే ఏడాదికి సుమారు ఆరువేలు. అసంభవం కాదు. కానీ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు తోలు మెరుస్తూ, డ్రైవర్ తలుపు కిందికి వేలాడుతుంటే మీటరు చెప్పేది నమ్మలేం. కొత్త సీటు కవర్ ఒక మూల ఎత్తి, కింద డ్రైవర్ సీటు అంచు ఎంత నలిగిందో చూడండి. సర్వీసు కాగితాల్లో తేదీలూ కిలోమీటర్లూ వరసగా పెరుగుతున్నాయో లేదో చూసుకోండి. పనిలో పనిగా సీటు బెల్టులు చివరిదాకా లాగండి. లోపల దాగిన భాగం మీద బురద చార కనిపిస్తే ఆ బండి ఎప్పుడో వరదలో మునిగిందేమోనని అడగాల్సిందే.

టైర్ల పక్కగోడ మీది నాలుగంకెల ముద్ర కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు నిండుగా ఉన్నా పదేళ్లు దాటిన టైర్లు మార్చవలసినవే, ఆ ఖర్చు బేరంలో కలుపుకోండి.

ప్రశ్న: నా రోజువారీ ప్రయాణాలన్నీ పది నిమిషాల లోపువే. పాత డీజిల్ ఎస్‌యూవీ తీసుకోవచ్చా?

సమాధానం: పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ అయితే వద్దు. పట్టిన మసి కాలిపోవాలంటే ఫిల్టర్ సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. పది నిమిషాల ప్రయాణంలో అంత వేడి రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. మీకు పెట్రోలే నయం.

ప్రశ్న: గాలి సస్పెన్షన్ ఉన్న పాత ఎస్‌యూవీ చూస్తున్నాం. కూర్చుంటే చాలా సుఖంగా ఉంది.

సమాధానం: సుఖం నిజమే, కానీ స్ప్రింగుల బదులు బండిని మోసే గాలి నింపిన రబ్బరు సంచులకూ వయసవుతుంది. రాత్రి సమతలమైన చోట ఆపి, నాలుగు చక్రాల మీద ఫెండరు (చక్రం మీది బాడీ అంచు) ఎత్తు కొలిచి రాసుకోమని యజమానికి చెప్పండి. తెల్లారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల దిగిపోతే అక్కడ గాలి కారుతోంది. ఆ లోటు పూడ్చడానికి గాలి నింపే కంప్రెసర్ పదే పదే నడిచి అదీ అరిగిపోయి ఉంటుంది, రెండింటి ఖర్చూ అడిగి తెలుసుకున్నాకే ధర మాట్లాడండి.