విపశ్యన శిబిరంలో మౌనం కన్నా కూర్చోవడమే కష్టం

నడుము నొప్పి ఉన్నవారు నాగార్జునసాగర్ హిల్ కాలనీలోని విపశ్యన (శరీరంలో కలిగే అనుభూతులను ఉన్నవి ఉన్నట్లుగా గమనించే ధ్యానం) కేంద్రం ధమ్మ నాగజ్జునలో పది రోజుల శిబిరానికి వెళ్లవచ్చా, అన్నాళ్లు మాట్లాడకుండా ఉండడం సాధ్యమేనా అని అడిగారు. అక్కడ సాధకుడిగా కూర్చుని, తరువాత ధమ్మసేవకుడిగా, అంటే జీతం లేని స్వచ్ఛంద సేవకుడిగా, వంటశాలలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: మౌనం గురించి దిగులు పడకండి. ఫోను, పుస్తకాలు, కలం ముందే అప్పగించేస్తాం కనుక, ఒకటి రెండు రోజులు గడిచేసరికి ఎవరితోనూ మాట్లాడనవసరం లేకపోవడమే హాయిగా ఉంటుంది. అసలు పరీక్ష శరీరంతోనే.

ఉదయం 4 గంటలకు గంట మోగుతుంది, రాత్రి 9.30కు దీపాలు ఆర్పుతారు. ఆ మధ్యలో దాదాపు పది గంటలు ధ్యానమే. మొదట ముక్కు దగ్గర వచ్చిపోయే సహజ శ్వాసను గమనించే ఆనాపాన, నాలుగో రోజు నుంచి విపశ్యన. అప్పటినుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. అరగంట దాటాక నా కుడి మోకాలు మండిపోయేది. ఆ మండుతున్న చోటునే ఓపికగా పరిశీలించగా, ఒకే ముద్దలా తోచిన నొప్పి పోట్లుగా, వేడిగా, సన్నని అదురులుగా విడిపోయి, నొప్పి వేరు, దానిమీద నాకు కలిగే విసుగు వేరు అని స్పష్టంగా తెలిసింది. ఈ పద్ధతిని నేర్పిన ఆచార్యుడు ఎస్.ఎన్. గోయెంకా గారు, సాయంత్రం వినిపించే రికార్డు ప్రవచనాలలో చెప్పే సమతాభావం నాకు అర్థమైంది అక్కడే, ఆ మోకాలి దగ్గరే.

భోజనం 11 గంటలకు పెడతారు. సాయంత్రం కొత్తవారికి టీ, పండు, మరమరాలు; పాత సాధకులకు నిమ్మకాయ నీళ్లే. ఆకలి బాధ పెద్దగా ఉండదు. రుసుము లేదు, శిబిరం పూర్తి చేసినవారి నుంచి మాత్రమే దానం స్వీకరిస్తారు. అంటే మీ కంచంలోని అన్నం మీకు ముఖపరిచయమైనా లేని ఒక పూర్వసాధకుడు పెట్టినది. వడ్డించేటప్పుడు ఆ సంగతి గుర్తుకొచ్చి నాకు గొంతు పూడుకుపోయేది.

మీ నడుము నొప్పి, వాడుతున్న మందుల వివరాలు దరఖాస్తులోనే దాచకుండా రాయండి. అవసరమైనవారికి కుర్చీ ఇస్తారు. వైద్యుడు రాసిన మందులు మానకండి. తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారు మాత్రం ముందుగా వైద్యుడితోనూ, కేంద్రంతోనూ మాట్లాడి తీరాలి. మధ్యలో వెళ్లిపోవడానికి ఒప్పుకోరు కనుక, చేరే రోజు, తిరుగు ప్రయాణం రోజు కలిపి 12 రోజుల సెలవు దొరికినప్పుడే దరఖాస్తు చేయండి.