రెక్కల కబుర్లు: సొంత విమానం కొనాలా, అద్దెకు ఎగరాలా?

ప్రశ్న: ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి ఏడాదైంది. క్లబ్ విమానం ఎప్పుడు అడిగినా ఎవరో ఒకరు ముందే బుక్ చేసి ఉంటున్నారు. పాత సెస్నా 172 ఒకటి అమ్మకానికి వచ్చింది, పదేళ్లలో ఇంజన్ చాలా తక్కువ తిరిగిందట. కొనేయమంటారా సార్?

జవాబు: ముందు మీ లాగ్‌బుక్ తీయండి. పోయిన ఏడాది ఎన్ని గంటలు ఎగిరారు? ఎగరాలనుకున్నవి కాదు, నిజంగా ఎగిరినవి. సొంత విమానానికి పెట్రోలు, ఆయిల్ లాంటి ఖర్చులు ఎగిరితేనే అవుతాయి. హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి చేయించే తనిఖీ మాత్రం మీరు ఒక్కసారి కూడా గాల్లోకి లేవకపోయినా తప్పవు. ఏడాదికి 30 గంటలు ఎగిరే మనిషికి ఆ భారమంతా ఆ 30 గంటల మీదే పడుతుంది, అదే 120 గంటలు ఎగిరితే గంటకు పడేది నాలుగో వంతే. నన్నడిగితే ఏడాదికి 100 గంటలు దాటని వాళ్లు అద్దెకే ఎగరడం మేలు, లేదా ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోవడం మేలు. మా విమానం కూడా ముగ్గురిది. కాకపోతే స్నేహితులమే కదా అని కాగితం రాసుకోవడం మానకండి. ఒకరు తప్పుకుంటే వాటా ఎవరు కొనాలి, ఇంజన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) కోసం ఎగిరిన ప్రతి గంటకు ఎంత పక్కన పెట్టాలి, సెలవు రోజుల్లో విమానం ఎవరిది, ఇవన్నీ కొనకముందే తేలిపోవాలి.

మోడల్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. 172 అమ్మకాలు 1956లో మొదలయ్యాయి, ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి, అది తెలియని మెకానిక్ ఉండడు, విడిభాగాలూ దొరుకుతాయి. నాకు నచ్చనిది ఆ "తక్కువ తిరిగింది" అన్న మాట. అది విమానం గొప్పతనం కాదు, అనుమానించాల్సిన విషయం. ఎందుకో కింది జవాబు చదివితే తెలుస్తుంది. పెయింట్ మెరుపు చూసి మోసపోవద్దు. మొదటి రోజు నుంచి ఉన్న విమానం లాగ్‌బుక్‌లన్నీ అడగండి, మధ్యలో ఒక్కటి లేకపోయినా ఎందుకు లేదో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. కొనే ముందు చేసే తనిఖీకి మీ మెకానిక్‌నే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లకు ఎప్పుడూ పని చేసే మనిషి వద్దు.

ప్రశ్న: పని ఒత్తిడితో ఆరు నెలలుగా ఎగరలేదు. వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి ఆపేస్తున్నాను. సరిపోతుందా?

జవాబు: దయచేసి ఆపేయండి. మంచి చేస్తున్నాననుకుంటూ ఇంజన్‌కి చెడు చేస్తున్నారు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ 80 డిగ్రీలు దాటి కాసేపు అలా ఉంటేనే ఆ తడి ఆవిరై పోతుంది. నేల మీద పది నిమిషాలు నడిపితే అంత వేడి రాదు, అంటే వారం వారం మీరే లోపలికి నీళ్లు పోస్తున్నట్టు లెక్క. 172లలో ఎక్కువగా ఉండే లైకమింగ్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే ఇరుసు) పై భాగంలో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని మీది ఆయిల్ జారిపోయి లోహం బయటపడుతుంది, తడి తగిలి తుప్పు పడుతుంది. ఆ గరుకు మీద, దాన్ని ఆనుకుని ఉండే ట్యాపెట్ రాసుకుంటూ తిరిగితే రెండూ అరుగుతాయి, ఆ లోహపు పొడి ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరుగుతుంది. చాలా లైకమింగ్ ఇంజన్లకు ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. ఆ 12 ఏళ్ల మాట పెట్టింది ఇలాంటి విమానాల కోసమే.

కుదిరితే రెండు వారాలకోసారి ఓ గంట ఎగరండి. అస్సలు కుదరదంటే మెకానిక్‌ని పిలిచి, నిలబెట్టేటప్పుడు పోసే, తుప్పు పట్టనివ్వని ఆయిల్ పోయించి, స్పార్క్ ప్లగ్గుల చోట తేమ పీల్చే ప్లగ్గులు పెట్టించి పద్ధతిగా నిలబెట్టండి. మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక ప్రతి ఆయిల్ మార్పులో ఫిల్టర్ కోయించి, మడతల్లో మెరుపు తునకలున్నాయేమో మీ కళ్లతో చూడండి.

ప్రశ్న: ట్యాంకు కింద నుంచి పెట్రోలు తీసి, నీళ్లు కలిశాయేమో చూడటం ప్రతిసారీ అవసరమా? ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ ఏమీ కనిపించలేదు.

జవాబు: ప్రతిసారీ అవసరమే. ఒకసారి రాత్రంతా వాన పడ్డాక పొద్దున నేను గ్లాసులోకి పెట్రోలు తీశాను. తేటగా, శుభ్రంగా, నీళ్లకీ పెట్రోలుకీ మధ్య కనిపించే గీత అనేదే లేకుండా ఉంది. పారబోయబోతుంటే మా భాగస్వామి చెయ్యి పట్టుకుని, "అన్నా, రంగేది?" అన్నాడు. మేం వాడే 100ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు నీలంగా ఉంటుంది. గ్లాసులో ఉన్నది నీలం కాదు, వాసన చూస్తే పెట్రోలు వాసనా లేదు. గ్లాసు నిండా నీళ్లే! నీళ్లు కొంచెమే ఉంటే అడుగున గుండ్రటి బొట్టులా విడిగా కనిపిస్తాయి, మొత్తం నీళ్లే అయితే గీత ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉందని తర్వాత తేలింది. నీలం వచ్చేదాకా తీస్తే తొమ్మిది గ్లాసులు పట్టింది. అప్పటి నుంచి గ్లాసును తెల్లటి రెక్కకు ఆనించి రంగు చూస్తాను, వాసన కూడా చూస్తాను.

ప్రశ్న: 172లో నాలుగు సీట్లున్నాయి కదా, ట్యాంకులు నింపుకుని నలుగురం వెళ్లొచ్చా?

జవాబు: సాధారణంగా కుదరదు. 172ఎస్ అనే రకం గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం ఇంచుమించు 765 ఉందనుకుందాం, ఒక్కో విమానానికి ఇది మారుతుంది, మీది కాగితాల్లో చూసుకోండి. మిగిలేది 390 కిలోలు. 80 కిలోల మనుషులు నలుగురు కూర్చుంటే 320 పోతుంది, ఇంక 70. లీటరు పెట్రోలు 0.72 కిలోలు కాబట్టి దాదాపు 97 లీటర్లు పడుతుంది, అదీ ఒక్క బ్యాగు కూడా లేకుండా. గంటకు 35 లీటర్ల చొప్పున తాగే ఇంజన్‌కి రిజర్వు (అవసరానికి మిగుల్చుకునే పెట్రోలు) తీసేస్తే రెండు గంటల ప్రయాణం. ఎండ మండుతున్న రోజున, ఎత్తైన ప్రాంతంలో, చిన్న రన్‌వే మీద అయితే ఆ బరువుతో నేను లేవను.

ప్రశ్న: బయట 25 డిగ్రీలుంటే కార్బ్యురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపే భాగంలో) మంచు పడుతుందా?

జవాబు: పడుతుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, గాలి సన్నటి గొంతులోంచి దూరేటప్పుడు లోపలి వేడి 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు, గాలిలో తేమ ఉంటే చాలు. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) మెల్లగా తగ్గుతుంటే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట) పూర్తిగా లాగండి. ఆర్‌పీఎం ముందు ఇంకా పడిపోయి, ఇంజన్ గరగరలాడుతుంది, అది కరిగిన నీళ్లు మింగడం. భయపడి వెనక్కి నొక్కేయకండి, తేరుకునేదాకా అలాగే ఉంచండి.

ప్రశ్న: మా ఆయన సెలవు రోజుల్లో చిన్న విమానం నడుపుతారు. ఆయన ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. గాల్లో ఇంజన్ ఆగిపోతే రాయిలా పడిపోతుందా?

జవాబు: పడదమ్మా. ఇంజన్ ఆగినా రెక్కలు పని చేస్తూనే ఉంటాయి. 172 అయితే కిలోమీటరు ఎత్తు నుంచి ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లగలదు, ఆ లోపు దిగడానికి చోటు వెతకడం శిక్షణలో పదే పదే చేయిస్తారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మబ్బు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి నడపడం రాని 20 మందికి బయటిది కనిపించకుండా చేసి విమానం ఇచ్చారు. అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. చెవిలోపలి భాగం తిన్నగా వెళ్తున్నామని చెబుతుంటుంది, విమానం మాత్రం ఒరిగి తిరుగుతూ దిగుతుంటుంది. తర్వాత అదే మనుషులకు పరికరాలు చూస్తూ మెల్లగా వెనక్కి తిరగడం నేర్పిస్తే దాదాపు అందరూ బయటపడ్డారు. ఆ శిక్షణ ఈ మధ్య మళ్లీ తీసుకున్నారా అని మీ ఆయన్ని అడగండి, తప్పు లేదు.

మీ చేతుల్లోనూ ఒకటుంది. మబ్బు కమ్ముతోందని తెలిసి కూడా బయల్దేరే వాళ్లలో చాలామంది సరదాకి వెళ్లరు, సాయంత్రానికి ఇంట్లో ఉంటానని మాటిచ్చి ఉంటారు. ఆయన ఫోన్ చేసి ఇక్కడ వాతావరణం బాగోలేదంటే, "మరి పిల్లాడి ఫంక్షనో?" అనకండి. "అక్కడే ఉండిపోండి, పొద్దున రండి" అనండి.