నలభై దాటిన హిట్టరు ఔట్‌ఫీల్డ్‌లో ఎంత ఆడాలి: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ అత్తయ్యా నేనూ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఈ వేసవిలో మీ ఆదివారం బేస్‌బాల్ జట్టు మేనేజరు నిన్ను డిహెచ్‌గానే (ఫీల్డింగ్ లేకుండా, పిచ్చరు బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడిగా) ఉంచకుండా, బేస్‌ల వెనక కంచె దాకా ఉండే ఔట్‌ఫీల్డ్‌లో కూడా తరచుగా ఆడమంటున్నాడని, నలభై రెండేళ్ల వయసులో దానికి ఒప్పుకోవడం మంచిదేనా అని నువ్వు అడిగిన దగ్గరి నుంచి మూడు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. ఇరవై ఏళ్లు న్యూజెర్సీ మైదానాల్లో ఆడి, తరువాత పదేళ్లు పెద్ద వయసు వాళ్ల జట్లకు ఆట నేర్పినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒప్పుకో. కానీ ఏయే ఆదివారాలు ఫీల్డింగ్ చేసేదీ మేనేజరుతో కూర్చుని ముందుగానే నిర్ణయించుకో. ఆ పూట ఒంట్లో హుషారుగా ఉందని అప్పటికప్పుడు గ్లవ్ అందుకుని ఔట్‌ఫీల్డ్‌లోకి మాత్రం వెళ్లవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. నా నలభై ఏడో ఏట, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, నాలుగు ఇన్నింగ్స్ చలిగాలిలో బెంచి మీద కూర్చున్నాక, ఔట్‌ఫీల్డ్‌లో ఎడమవైపు ఆడే మా లెఫ్ట్ ఫీల్డరు అత్యవసరంగా ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఎవరూ అడగకముందే నేను లేచాను. ఎడమచేతి వాటం బ్యాటరు కొట్టిన బంతి ఒకటి గాలిలో ఫౌల్ గీత (మైదానం పక్క హద్దు) వైపు వంగుతూ వచ్చింది. మొదటి అడుగు బాగానే పడింది, రెండోదీ పడింది, మూడో అడుగులో తొడ వెనక ఏదో పటుక్కుమంది. పచ్చగడ్డి మీద అలాగే కూలబడి, ఆ బంతి కంచె దాకా దొర్లిపోవడం చూశాను. కండరం తెగిందని డాక్టరు చెప్పాడు. రెండు నెలలు బ్యాటు పట్టలేదు. ఆ రెండు నెలలూ జట్టు నష్టపోయింది నా ఫీల్డింగ్ కాదు, నా బ్యాటింగ్. నీ విషయంలోనూ ఈ లెక్క ఇలాగే ఉంటుంది కాబట్టి ప్రతి నిర్ణయమూ దీన్ని దృష్టిలో ఉంచుకుని తీసుకో.

పెద్ద లీగ్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో, ఈ సమస్య ఎంత పాతదో నీకు తెలుసు. దానిలోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ 1973లో డిహెచ్ నిబంధన తెచ్చింది. అదే ఏడాది ఆ నిబంధన లేని రెండో విభాగం నేషనల్ లీగ్‌లో న్యూయార్క్ మెట్స్ తరఫున ఆడుతున్న విల్లీ మేస్, నలభై రెండేళ్ల వయసులో, ఓక్లండ్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) రెండో మ్యాచ్‌లో ఔట్‌ఫీల్డ్ మధ్యభాగమైన సెంటర్ ఫీల్డ్‌లో ఎండ కంట పడి తడబడ్డాడు. ఆ స్థానంలో ఆయనంతటివాడు లేడని లోకమంతా ఒప్పుకున్న మనిషి ఆయన. ఆ మ్యాచ్‌లోనే, తొమ్మిది ఇన్నింగ్స్ దాటి సాగిన అదనపు ఆటలో, పన్నెండో ఇన్నింగ్‌లో జట్టుకు ఆధిక్యం తెచ్చిన హిట్ కూడా ఆయనదే. అదే మనిషి, అదే రోజు; చేతులు ఇంకా మాట వింటున్నాయి, కాళ్లూ కళ్లూ వినడం లేదు. దీన్ని నేను జాలితో చెప్పడం లేదు. వయసు ఒంట్లో అన్ని చోట్లకూ ఒకేసారి రాదని గుర్తు చేస్తున్నాను.

నీకు ఎక్కువగా పనికివచ్చే ఉదాహరణ జాన్‌కార్లో స్టాంటన్. 2024లో అతడు తన జట్టు న్యూయార్క్ యాంకీస్‌కు ఒక్క మ్యాచ్‌లో కూడా ఫీల్డింగ్ చేయలేదు. 2025లో రెండు మోచేతుల నొప్పితో జూన్ సగం దాకా ఆటకే దూరమయ్యాడు. ఆ వేసవిలో అదే జట్టు రైట్ ఫీల్డరు ఆరన్ జడ్జ్ మోచేయి దెబ్బతిని బంతి విసరలేక డిహెచ్ స్థానానికి వచ్చినప్పుడు, ఇద్దరి బ్యాట్లూ జట్టులో ఉండాలంటే స్టాంటన్ ముప్పై అయిదేళ్ల వయసులో రైట్ ఫీల్డ్‌కు వెళ్లక తప్పలేదు. ఆగస్టులో వెళ్లాడు, సెప్టెంబరులో జడ్జ్ తిరిగి రైట్ ఫీల్డ్ అందుకున్నాక చాలావరకు తన డిహెచ్ స్థానానికి వచ్చేశాడు. ఆ సీజనులో 77 మ్యాచ్‌లే ఆడి 24 హోమ్ రన్‌లు (బంతిని కంచె దాటించిన కొట్లు) కొట్టాడు. జట్టు అవసరం స్పష్టంగా ఉంది, దానికి ఒక గడువూ ఉంది. మీ మేనేజరును కూడా ఇదే అడుగు: ఔట్‌ఫీల్డ్‌లో నిజంగా మనిషి తక్కువయ్యాడా, లేక డిహెచ్ స్థానం ఇంకొకరికి కావాలా? రెండూ న్యాయమైన కారణాలే, కానీ ఏది నిజమో తెలిస్తేనే ఎన్ని ఆదివారాలు ఒప్పుకోవాలో తేలుతుంది. మీ లీగ్ నిబంధన కూడా కనుక్కో. పెద్ద లీగ్‌లో డిహెచ్ మ్యాచ్ మధ్యలో ఫీల్డింగ్‌కు వెళితే ఆ జట్టుకు మిగిలిన ఆటలో డిహెచ్ ఉండడు.

బెంచి మీద కూర్చోవడం వల్లే బ్యాటింగ్ మందగిస్తోందని నువ్వు వ్రాసిన మాటను నేను కొట్టిపారేయను. ఒకసారి బ్యాటింగ్‌కు వెళ్లి వచ్చాక మళ్లీ వంతు రావడానికి ముప్పావు గంట పడితే ఒళ్లు చల్లబడుతుంది, ఆట మీద ధ్యాస కూడా జారిపోతుంది. అయితే దానికి ఔట్‌ఫీల్డే మందు అనుకోవద్దు. ప్రతి ఇన్నింగ్ మార్పులో ఫౌల్ గీత పక్కన అటూ ఇటూ పరుగెత్తు. నీ వంతు ఇంకా ముగ్గురి తరువాత ఉందనగానే బ్యాటు తిప్పడం మొదలుపెట్టు. నెలన్నర ఇలా చేసినా చేయి కదలకపోతే అప్పుడు ఫీల్డింగ్ ఆదివారాలు పెంచుదువుగాని.

టెక్సాస్ రేంజర్స్ రైట్ ఫీల్డరుగా ఆడిన నెల్సన్ క్రూజ్ సంగతి కూడా ఆలోచించు. 2011 అక్టోబరు 27న, సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్, ఇద్దరు ఔటయ్యారు, రెండు స్ట్రైకులు పడ్డాయి (మూడోది పడితే మూడో ఔటు, ఆట ముగిసినట్టే), రేంజర్స్ రెండు పరుగుల ఆధిక్యంలో ఉన్నారు. ఎదుటి జట్టు బ్యాటరు డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లో క్రూజ్ గ్లవ్‌కు అందకుండా అతడి వెనక పడింది. స్కోరు సమమైంది, ఆ మ్యాచ్ పోయింది, మర్నాడు సిరీస్ కూడా పోయింది. ఆ క్షణంలో అతడు ఇంకాస్త వెనక నిలబడి ఉండవలసింది. అదే క్రూజ్ తరువాత గ్లవ్‌ను దాదాపు పక్కన పెట్టి, 2019లో మిన్నెసోటా జట్టుకు, ముప్పై తొమ్మిదేళ్లు నిండిన ఏడాదిలో, 41 హోమ్ రన్‌లు కొట్టాడు. అందుకని, గెలిచే మ్యాచ్ చివరి రెండు ఇన్నింగ్స్‌లో నీ స్థానంలో కుర్రవాడిని దింపమని నువ్వే ముందుగా మేనేజరుకు చెప్పు. అందులో నీకు చిన్నతనం ఏమీ లేదు.

నాకు సరి అనిపించే లెక్క ఇది: రెండు ఆదివారాలకు ఒకసారి ఫీల్డింగ్, అదీ మొదటి అయిదు ఇన్నింగ్స్ వరకే. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఉంటే ఒక దానిలోనే. లెఫ్ట్ ఫీల్డ్ అడుగు. అక్కడి నుంచి మూడో బేస్‌కు విసరవలసిన దూరం తక్కువ కాబట్టి భుజానికి శ్రమ తగ్గుతుంది. కంచె చాలా దూరంగా ఉండే మైదానాల్లో మాత్రం వద్దని చెప్పు. నాలుగు వారాల ముందు నుంచే విసరడం మొదలుపెట్టి, వారం వారం దూరం పెంచుకుంటూ పో. ఔట్‌ఫీల్డ్ నుంచి నేరుగా హోమ్ ప్లేట్‌కు (బ్యాటరు నిలబడే చోటుకు) విసరాలని ఎప్పుడూ ప్రయత్నించకు. మధ్యలో నిలబడిన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఆడే ఫీల్డరు) ఛాతీ ఎత్తుకు బంతి అందించావంటే నీ పని అయిపోయినట్టే.

మన ఊళ్లో లాంగ్ ఆన్‌లో బంతులు పట్టిన అలవాటు నీకు కొంత పనికివస్తుంది, కొంత అడ్డుపడుతుంది. నీ మీదికే సూటిగా వచ్చే బంతిని చూసి క్రికెట్‌లో లాగా వెంటనే ముందుకు ఉరకవద్దు. బేస్‌బాల్‌లో అన్నిటికంటే మోసగించేది అదే. మొదటి అడుగు వెనక్కే పడాలి. ముందుకు రావడానికి తరువాత కూడా సమయం ఉంటుంది, తల మీదుగా దాటిపోయిన దానికి మందు లేదు. మడమలు నేలకు కొడుతూ పరుగెత్తితే చూపు అదిరి బంతి ఊగుతున్నట్టు కనబడుతుంది కాబట్టి ముని కాళ్ల మీద పరుగెత్తు. ఎండ ఎదురుగా ఉంటే బంతి గాలిలోకి లేవకముందే గ్లవ్‌ను సూర్యుడికి అడ్డం పెట్టు. కాలి కింద గడ్డి పోయి మట్టి తగిలిందంటే కంచె దగ్గరపడిందని అర్థం, అక్కడ వేగం తగ్గించు. బంతి పోయినా పరవాలేదు. మిగతా వాళ్లు బ్యాటింగ్ సాధన చేస్తున్నప్పుడు లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడి, ప్రతి బంతికీ మొదటి రెండు అడుగులు మాత్రం వేసి ఆగు. ముప్పై బంతులు చాలు.

వచ్చే ఆదివారం నీకు ఫీల్డింగ్ ఖాయమైతే శనివారం రాత్రి తొందరగా పడుకో, మైదానానికి గంట ముందే చేరుకో. సోమవారం పొద్దున నాకు ఫోన్ చేసి, మెట్లు దిగేటప్పుడు పిక్కలూ తొడలూ ఎలా ఉన్నాయో ముందు చెప్పు. ఎన్ని హిట్లు కొట్టావో ఆ తరువాత వింటాను.

ఆశీస్సులతో,
మామయ్య