నాలుగో దశ ప్రోస్టేట్ క్యాన్సర్: మా నాన్నగారి అనుభవం నుంచి

మీ మామగారికి డెబ్బై రెండేళ్లనీ, ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ వెన్నెముకకు పాకిందనీ, ఇంకెంతకాలం ఉంటారో డాక్టరు తేల్చి చెప్పడం లేదనీ రాశారు. మా నాన్నగారికి కూడా ఇంచుమించు ఇదే స్థితిలో జబ్బు బయటపడింది. నాలుగో దశ అనగానే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. ఊపిరితిత్తుల్లోనో క్లోమంలోనో పుట్టిన క్యాన్సర్ ఈ దశకు చేరడం వేరు, ఇది వేరు. పూర్తిగా నయమవుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. కానీ ఏళ్ల తరబడి అదుపులో ఉంచగల జబ్బు ఇది.

ఈ క్యాన్సర్ టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోనును ఆసరా చేసుకుని పెరుగుతుంది. ఆ ఆసరా తీసేస్తే వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు 1941లోనే చూపించారు, 1966లో నోబెల్ బహుమతి అందుకున్నారు. చికిత్సకు నేటికీ అదే పునాది అయినా, అదొక్కటే చేసి ఊరుకుంటే చాలదు. 2017లో తొలి ఫలితాలు వెలువడిన లాటిట్యూడ్ అధ్యయనం తుది లెక్క ప్రకారం, జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో టెస్టోస్టెరాన్‌ను ఆపే ఈ హార్మోను చికిత్స మాత్రమే పొందినవారు సగం మంది 36.5 నెలలు దాటి బతకగా, దానితోపాటు మొదటినుంచీ అబిరాటెరోన్ అనే బిళ్ల వాడినవారు సగం మంది 53.3 నెలలు దాటి బతికారు. కనుక అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్ వంటి బిళ్లల్లో ఒకటి మీ మామగారి చీటీలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు రాయలేదో అడగండి. జబ్బు బాగా వ్యాపించి, మనిషిలో ఓపిక ఉంటే డోసెటాక్సెల్ కీమో కూడా కలుపుతారు.

మా ఇంట్లో అసలు తర్జనభర్జన మందుల గురించి జరగలేదు. టెస్టోస్టెరాన్‌ను ఆపడానికి రెండు దారులున్నాయని డాక్టరు చెప్పారు: మూడు నెలలకొకసారి జీవితాంతం ఇంజెక్షన్, లేదా వృషణాలను తొలగించే చిన్న ఆపరేషన్. ఆ మాట వినగానే మా బాబాయి నన్నూ అక్కనూ వరండాలోకి తీసుకువెళ్లి, "అన్నయ్య దగ్గర ఆ ఊసే ఎత్తకండి, ఈ వయసులో ఆయనకు తలవంపులు" అన్నారు. మేము గుసగుసలాడుతుండగానే నాన్నగారు స్కానింగ్ కవరు చంకలో పెట్టుకుని బయటికి వచ్చి, "జబ్బు నాది, మాట్లాడేది మీరా? లోపలికి రండి" అన్నారు. తిరిగి కుర్చీలో కూర్చుని, రెండింటి పనిలో తేడా ఏమైనా ఉందా అని డాక్టరును సూటిగా అడిగారు. ఫలితం ఒకటేననీ, అయితే ఆపరేషన్ చేశాక వెనక్కి తీసుకోలేమనీ ఆయన చెప్పారు. "అయితే ఆపరేషనే చేయండి, ఇంజెక్షన్ల డబ్బు బిళ్లలకు పనికొస్తుంది" అన్నారు నాన్నగారు. బాబాయి తల దించుకుని కిటికీ వైపు తిరిగారు. ఆ నిర్ణయం వల్లనే ఖరీదైన బిళ్లలను మధ్యలో ఆపకుండా కొనగలిగామని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొద్ది వారాల్లోనే నడుము నొప్పి తగ్గి, చేను గట్టు మీదికి నడిచి వెళ్లగలిగారు. పుష్యమాసపు చలిలో కూడా ఒళ్లంతా ఆవిర్లు పుట్టి, అర్ధరాత్రి బనియను తడిసిపోయి ఫ్యాను వేయమనేవారు. హార్మోను తగ్గినందువల్ల వచ్చే ఇబ్బంది అది; కండ కరగడం, ఎముకలు గుల్లబారడం కూడా ఉంటాయి. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ రాస్తే, మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరుకు చూపించండి, ఎందుకంటే ఆ మందు వాడుతూ పన్ను పీకించుకుంటే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది.

నా బాధ మరొకటి ఉంది. జబ్బు తేలకముందు చాలాకాలం ఆ నడుము నొప్పికి ఊళ్లో నొప్పి బిళ్లలూ సూదులే పడ్డాయి తప్ప పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్) పరీక్ష ఎవరూ రాయలేదు. అరవై దాటిన మగవాడికి కొత్తగా వచ్చిన నడుము నొప్పి రాత్రిపూట ఎక్కువవుతుంటే, ఆ ఒక్క రక్తపరీక్ష చేయించడానికి ఇంత జాప్యం ఎందుకు? మూత్రం ఇబ్బంది గురించి నోరు విప్పడానికి మన పెద్దలు పడే మొహమాటమే సగం నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

మీరు అడిగిన కాలం లెక్కకు కొంత ఆధారం పీఎస్ఏలోనే దొరుకుతుంది. హార్మోను చికిత్స ఒక్కటే ఉన్న రోజుల్లో, 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏడు నెలల చికిత్స తరువాత పీఎస్ఏ 0.2కో అంతకన్నా తక్కువకో దిగినవారిలో సగం మంది ఆపై 75 నెలలు దాటి బతికారు. 4 కంటే కిందికి దిగనివారిలో అది 13 నెలలే. కాబట్టి మొదటి రోజున డాక్టరు తేల్చి చెప్పలేకపోవడంలో ఆయన తప్పు లేదు. ఈసారి వెళ్లినప్పుడు మామగారినే ముందు కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. ఈలోగా ఆయన కాళ్లు పట్టు తప్పుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మూత్రం బిగిసిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. వెన్నుపాము నలిగిపోతోందనడానికి అవే గుర్తులు, గంటలు గడిచేకొద్దీ నడక తిరిగి రావడం కష్టమవుతుంది.