ఓడ దిగే సినిమాకు ఆర్కెస్ట్రా రాయబోయే అల్లునికి

చిరంజీవి అల్లునికి, అనంతపురం నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివినా, గండికోటలో తీసిన సీన్లూ చూసినా. పెన్నా లోయ మీద ఆకాశం నుంచి ఓడ దిగేది, శనగచేన్లో ఆ తల్లి తలెత్తి చూసేది బాగా కుదిరినాయి. ఆర్కెస్ట్రాకు డైరెక్టరు ఒప్పుకున్నాడంటే శానా సంతోషం. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించి, ఆనక పార్టులు, అంటే ఒక్కో వాద్యానికి విడిగా స్వరాల పేజీలు, రాసి బతికినవాణ్ణి. నాకు తెలిసింది నీకు అందాలనే ఈ జాబు.

ఇప్పుడే కంప్యూటర్ తెరవొద్దు. ఈ సినిమాలో రాగం ఓడదా, ఆ తల్లిదా? ముందు అది తేల్చుకో. 1977లో స్టార్ వార్స్‌కు జాన్ విలియమ్స్ పాతకాలపు సింఫనీ పద్ధతిలో రాసి, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించినాడు. తెర మీద అంతా కొత్త లోకమే కాబట్టి చెవికైనా తెలిసింది దొరకాలని. అంతకు ముందే 1968లో 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో డైరెక్టరు కుబ్రిక్ దానికి ఎదురుదారి పట్టినాడు. ఏ గొంతు ఏదో తెలియకుండా స్వరాలు ఒకదాని మీద ఒకటి కమ్ముకునే, లిగెటీ అనే స్వరకర్త సంగీతం పెట్టినాడు. రెండూ గొప్పవే. నీ కథకు మాత్రం మొదటి దారే సరి అంటా నేను. ఓడ ఎవరిదో, ఎందుకొచ్చిందో చివరిదాకా తెలియదు కదా, చూసేవాళ్లు పట్టుకోవడానికి ఆ తల్లి ఒక్కతే ఉండాది. ఆమె రాగం ముందు కట్టు. వెనక ఏ వాద్యమూ లేకుండా గొంతెత్తి పాడితే నిలబడాల. 8 బార్లు, అంటే 8 తాళం చుట్లు, చాలు. అది కుదిరేదాకా వాద్యాల జోలికి పోవద్దు.

ఆమె ఓడను మొదటిసారి చూసే చోటికి కల్యాణి రాగం ఉండాది. శంకరాభరణంలో మధ్యమాన్ని ఒక్క మెట్టు పైకి జరిపితే అదే, పడమటివాళ్ల లిడియన్. చెల్లోలు, డబుల్ బాసులు షడ్జమం కదలకుండా పట్టుకుంటే, పైన వయొలిన్లు పైకి జరిపిన ఆ మధ్యమం, అదే ప్రతిమధ్యమం, మీద నిలవాల. భయమూ కాదు, సంతోషమూ కాదు, ఆశ్చర్యం పలుకుతాది. ఓడ లోపలి సీన్లకు గోప్రియ రాగం చూడు. సమదూరంలో 6 స్వరాలు, పంచమం లేదు, చెవికి ఎక్కడా ఆసరా దొరకదు. కానీ కొంచెమే వాడు, సాగదీస్తే విసుగొస్తాది.

గమకాల సంగతి, అంటే స్వరాన్ని ఊపే తీరు, జాగ్రత్త. 16 మంది వయొలిన్లవాళ్లు ఒకే కంపితాన్ని (ఆ ఊపుల్లో ఒకటి) తలా ఒక తీరుగా ఊపితే స్వరమే చెదిరిపోతాది. మన పద్ధతి తెలిసిన ఒక్క మనిషికి సోలో ఇచ్చి గమకమంతా అక్కడ పెట్టు. మిగతావాళ్లు స్వరాన్ని సాదాగా పట్టుకోవాల.

ఉరుములు, అదే మన పక్క డోలు వాద్యం, పెట్టాలనుకుంటున్నావని రాసినావు, నా మనసు నిండింది. మన అనంతపురం పక్క ఉరుములవాళ్లు చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టుకొని వాయించేవాళ్లు కారు, వాళ్లను ఆ చట్రంలోకి లాగొద్దు. ముందు వాళ్ల ఊర్లోనే, వాళ్ల నడకలోనే రికార్డు చెయ్యి. ఆ నడకను బట్టి ఎక్కడ ఎంత వేగమో చూపే టెంపో మ్యాప్ కట్టి, ఆర్కెస్ట్రాను దాని వెంట నడిపించు. ఒకే గదిలో కలిపి వాయిస్తే ఉరుముల మోత వయొలిన్ల మైకుల్లోకంతా పోతాది, ఆనక మిక్సింగులో ఏమీ చెయ్యలేవు.

సౌండ్ డిజైన్ చేసే అబ్బాయితో ఇప్పుడే కూర్చో. ఓడ ఇంజను మోతంతా అడుగు స్థాయిలో ఉంటాది. డబుల్ బాస్‌లో అన్నిటికన్నా కింది తీగ (E) 41 హెర్ట్జ్, సరిగ్గా అక్కడే. ఇద్దరూ ఒకే చోట కూర్చుంటే ఇద్దరూ వినపడరు. ఓడ దిగేటప్పుడు కింది స్థాయి అతనికి ఇచ్చేసి, నువ్వు పైన సన్నగా ఉండు. మాటలున్న చోట చెల్లో, వయోలాలతో మధ్య స్థాయిని నింపొద్దు. మాట వినపడకుంటే సంగీతాన్నే తగ్గిస్తారు, నువ్వు రాసిందంతా అడుగున పడిపోతాది.

లెక్క ఒకటి చెప్తా. సెకనుకు 24 ఫ్రేములు. టెంపో, అంటే నిమిషానికి బీట్లు, 60 అయితే బీటుకు 24 ఫ్రేములు, 72 అయితే 20, 90 అయితే 16. ఓడ నేలను తాకేది క్యూ (ఆ సీను సంగీతం ముక్క) మొదలైన 38వ సెకనులో అనుకో. టెంపో 60లో 4 బీట్ల బార్లు 9 వేస్తే 36 సెకన్లు. ఆనక 2 బీట్ల బారు ఒకటి పెడితే సరిగ్గా తాకే క్షణాన కొత్త బారు మొదటి దెబ్బ పడతాది. అట్లని ప్రతి కదలికకూ దెబ్బ వెయ్యొద్దు. రీలుకు ఒకటో రెండో చాలు.

ఎడిటింగులో డైరెక్టరు ఎవరిదో సంగీతం తాత్కాలికంగా పెట్టింటాడు. అది రోజూ విని విని చెవికి అలవాటైపోతాది. 2001 సినిమాకు స్వరకర్త అలెక్స్ నార్త్‌తో సంగీతం రాయించుకొని కూడా కుబ్రిక్ ఆఖరికి ఆ తాత్కాలిక ముక్కలనే ఉంచినాడు. అందుకే అందులో నీకేం నచ్చిందని డైరెక్టర్ను విడమర్చి అడుగు. వేగమా, బరువా, నిదానమా? జవాబు తీసుకో, రాగం తీసుకోవద్దు.

కంప్యూటర్లో వాద్యాల్లా పలికే శాంపిల్స్‌ను నమ్మొద్దు. అందులో హార్న్ ఎంతసేపైనా ఊదుతాది, మనిషికి ఊపిరుంది, పెదవులు అలిసిపోతాయి. ఫ్లూట్ కింది స్వరాలు కంప్యూటర్లో గట్టిగా వినిపిస్తాయి, ఇత్తడి వాద్యాల పక్కన నిజం ఫ్లూట్ ఆ స్వరాల్లో మునిగిపోతాది. ఊపిరి తీసుకునే చోట్లు నువ్వే గుర్తు పెట్టు. ఎఫ్ హార్న్ పలికేదానికి ఒక పంచమం పైన, బీ ఫ్లాట్ క్లారినెట్ ఒక పూర్తి స్వరం పైన, డబుల్ బాస్ ఒక స్థాయి పైన రాయాల. పార్టుల్లో తప్పుంటే స్టూడియోలో 60 మంది వాయించకుండా కూర్చుంటారు, నిర్మాత డబ్బు కరిగిపోతా ఉంటాది.

ఆ తల్లి రాగం కట్టినాక ఫోన్లో పాడి పంపు, వాద్యం వద్దు. పార్టులు ప్రింటుకు ఇచ్చే ముందు హార్న్ పేజీలు, వయొలిన్ పేజీలు నాకు పంపితే బౌయింగులు, అంటే విల్లు పైకా కిందికా అన్న గుర్తులు, నేనే పెట్టి పంపిస్తా. చెల్లెల్ని అడిగినానని చెప్పు.

మీ మామ