సొంత దేశం తలుపులు మూసుకుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కోవిడ్ లాంటి మహమ్మారి వచ్చిందని మా ప్రభుత్వం సరిహద్దులు మూసేసింది. పౌరులమైన మమ్మల్ని కూడా రానివ్వకుండా ఆపవచ్చా?

జవాబు: ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ఈ మాట స్పష్టంగా చెప్పింది: స్వదేశంలో అడుగుపెట్టే హక్కును ఎవరి నుంచీ ఇష్టానుసారం లాక్కోకూడదు. అందుకే పౌరులను నేరుగా ‘రావద్దు’ అనే ప్రభుత్వాలు అరుదు. విమానాలకు పరిమితి పెడతారు, క్వారంటైన్ గదులు ఇన్నే అంటారు. ఫలితం మాత్రం ఒకటే. 2021 మేలో ఆస్ట్రేలియా అంతకన్నా ముందుకెళ్లి, భారత్‌లో ఉన్న తన పౌరుల రాకను దాదాపు రెండు వారాలు నిషేధించింది. ఉల్లంఘిస్తే గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, 66,600 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా అంది. దాని మీద వేసిన సవాలు కోర్టులో నిలవలేదు. న్యూజిలాండ్‌లో మాత్రం, క్వారంటైన్ గదులను లాటరీ పద్ధతిలో కేటాయించిన తీరు కొందరు పౌరుల హక్కుకు భంగం కలిగించిందని 2022 ఏప్రిల్‌లో హైకోర్టు తేల్చింది. అప్పటికి ఎంతమందికి తల్లిదండ్రుల కడచూపు దక్కకుండా పోయిందో! కేసు వేయాలనుకుంటే పదిమంది కలిసి వేయండి. ఈలోగా సీటు వెతకడం మాత్రం ఆపకండి.

ప్రశ్న: మూడుసార్లు టికెట్ కొన్నాను, మూడుసార్లూ రద్దయింది. నాలుగోసారి ఎలా కొనాలి?

జవాబు: అన్నిటికన్నా ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. తక్కువ ధర చూసి రెండు విమానాలకు రెండు వేరు టికెట్లు కొంటారు. మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే, ఎవరూ బాధ్యత తీసుకోరు. ఇంకో చిక్కు లగేజీ. వేరు టికెట్లలో సామాను చాలాసార్లు చివరిదాకా వెళ్లదు. మధ్య దేశంలో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, బెల్టు మీద తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. ఆ దేశం విదేశీయులను రానివ్వని రోజుల్లో అది జరిగే పని కాదు. అందుకే మిమ్మల్ని మొదటి విమానమే ఎక్కనివ్వరు. ప్రయాణమంతా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. మధ్యలో ఒక్క విమానాశ్రయానికి మించి మారకుండా, టెర్మినల్ మారనక్కర్లేకుండా చూసుకోండి. అక్కడ రాత్రి గడపాల్సి వస్తే ట్రాన్సిట్ ప్రాంతం రాత్రంతా తెరిచి ఉంటుందో లేదో ముందే అడగండి.

కౌంటర్‌లో సిబ్బంది సొంతంగా తీర్పు చెప్పరు. టైమాటిక్ అనే వ్యవస్థలో ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో చూసి చెబుతారు. రానివ్వని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే వెనక్కి తీసుకురావాల్సింది, చాలా దేశాల్లో జరిమానా కట్టాల్సింది కూడా ఆ విమాన సంస్థే. కాబట్టి గొంతు పెంచితే లాభం లేదు. పౌరులకు మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వును తేదీతో సహా ప్రింట్ తీసుకెళ్లి, సూపర్‌వైజర్‌ను పిలిపించి, టైమాటిక్ మళ్లీ చూడమనండి. జీవిత భాగస్వామి వేరే దేశ పౌరులైతే మినహాయింపు ఉత్తర్వు విడిగా, ముందే తీసుకోవాలి. కౌంటర్ దగ్గర అది పుట్టదు.

రద్దయిన టికెట్ల విషయానికొస్తే, సంస్థే రద్దు చేసిందా, మీరు చేశారా అన్నదే కీలకం. వాళ్లు రద్దు చేసేదాకా ఆగండి. యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల విమానాశ్రయం నుంచి బయల్దేరే విమానాన్ని సంస్థ రద్దు చేస్తే ఈయూ 261/2004 నిబంధన ప్రకారం డబ్బు వాపసు, లేదా మరో విమానం కోరవచ్చు. వాపసు 7 రోజుల్లో రావాలి. సరిహద్దు మూసివేత వల్ల అదనపు నష్టపరిహారం దక్కకపోవచ్చుగానీ, వాపసు హక్కు పోదు. వోచర్‌కు ఒప్పుకున్నారంటే సాధారణంగా డబ్బు అడిగే హక్కు వదులుకున్నట్టే.

ప్రశ్న: బయల్దేరడానికి 72 గంటల లోపు కోవిడ్ పరీక్ష అంటే ఎప్పటి నుంచి లెక్క?

జవాబు: నిబంధనలో రెండు మాటలు వెతకండి: శాంపిల్ ఇచ్చిన సమయమా, రిపోర్టు వచ్చిన సమయమా? మొదటి విమానమా, చివరి విమానమా? శాంపిల్ నుంచి లెక్క అయితే, శుక్రవారం రాత్రి 10కి విమానమనుకోండి, మంగళవారం రాత్రి 10 కంటే ముందు ఇచ్చింది చెల్లదు. అలాగని సరిగ్గా ఆ గంటకే ఇవ్వకండి. బుధవారం ఉదయం 10కి ఇస్తే విమానం 12 గంటలు జారినా రిపోర్టు పనికొస్తుంది. రిపోర్టులో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అయినా అడ్డం తిరుగుతారు.

ప్రశ్న: వీసా గడువు వారంలో అయిపోతోంది. పాస్‌పోర్ట్ కూడా పోయింది. ముందు ఏది?

జవాబు: ముందు పోలీసు ఫిర్యాదు, దాని నకలుతో ఆ దేశ ఇమిగ్రేషన్‌కు వీసా పొడిగింపు దరఖాస్తు. గడువు దాటక ముందే పెట్టాలి. వీసాలు వాటంతటవే పొడిగిస్తున్నామని ప్రభుత్వం ప్రకటించినా ఆ ప్రకటన నకలు దగ్గర పెట్టుకోండి. నెలల తర్వాత వెళ్లేటప్పుడు కౌంటర్‌లో ఓవర్‌స్టే జరిమానా అడిగితే మీకున్న ఆధారం అదే. తర్వాత ఎంబసీలో అత్యవసర ప్రయాణ పత్రం: ఫిర్యాదు నకలు, ఫొటోలు, పౌరసత్వ రుజువు, చాలాచోట్ల టికెట్ కూడా అడుగుతారు. ఇది సాధారణంగా ఒకవైపు ప్రయాణానికే. దీన్ని ఒప్పుకోని ట్రాన్సిట్ దేశాలున్నాయి. కాబట్టి ఏ దారిలో వెళ్తున్నారో ఎంబసీకి చెప్పి, ఆ దారిలో ఇది చెల్లుతుందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: ప్రత్యేక విమానంలో చోటు ఎలా వస్తుంది? ఉచితమా?

జవాబు: ఉచితమని అనుకోకండి. కోవిడ్ వేళ విదేశాల్లో చిక్కుకున్న భారతీయులను తీసుకురావడానికి 2020 మే 7న మన ప్రభుత్వం మొదలుపెట్టిన వందే భారత్ మిషన్‌లో కూడా ప్రయాణికులే చార్జీ కట్టారు. ఎంబసీ జాబితాలో పేరు నమోదు చేశాక ప్రతివారం వివరాలు సరిచూడండి. ఫోన్ నంబర్ మారి, పిలుపు అందక చోటు పోగొట్టుకోవడం మామూలే. వయసు, గర్భం, జబ్బు, ఉద్యోగం పోవడం, వీసా ముగియడం, వీటికి కాగితాలు జతచేస్తే ముందు వరసలోకి వస్తారు. పిలుపు వస్తే జవాబుకు కొన్ని గంటలే ఉంటాయి. సామాను, డబ్బు, అద్దె ఇల్లు ఖాళీ చేసే ఒప్పందం సిద్ధంగా ఉంచుకోండి.