గర్భిణి రక్తంలో ‘బీటీ విషం’? భయంతో మానేసినవే ముందు మళ్లీ మొదలుపెట్టండి

ప్రశ్న: నా వయసు 27. ఇప్పుడు ఐదో నెల. గర్భిణుల రక్తంలోనూ, బొడ్డుతాడు రక్తంలోనూ బీటీ విషం దొరికిందని కెనడాలో తేలినట్టు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆరు వారాలుగా వంకాయ, టమాటా, స్వీట్‌కార్న్, మీల్‌మేకర్, బొప్పాయి, గింజల్లేని ద్రాక్ష మానేశాను. పశువులకు బీటీ పత్తి చెక్క పెడతారని పాలు కూడా బాగా తగ్గించాను. మూడు నెలల కిందట 10.8 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 9.6కి వచ్చింది. రాజేంద్రనగర్‌లో తయారుచేసిన కొత్త వరి కూడా ఇలాంటిదేనని మా అత్తయ్య అంటున్నారు. జీఎం తిండి వల్ల బిడ్డకు ప్రమాదమా? ఏం తినాలి, ఏం మానాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

డాక్టర్ సలహా: మీరు మానేసిన జాబితాలో మన దేశంలో జన్యుమార్పిడి (జీఎం) పంటగా అమ్మడానికి అనుమతి ఉన్నది ఒక్కటీ లేదు. పాలు, మీల్‌మేకర్, టమాటా రేపటి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది బీటీ కాదు, ఆ 9.6.

బీటీ అన్నది నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా. పురుగును చంపే దాని ప్రొటీన్ తయారయ్యేలా ఆ జన్యువును పంటలో పెడితే అది బీటీ పంట. ముందు కెనడా సంగతి. అధ్యయనం నిజమే. 2011లో క్యూబెక్ రాష్ట్రంలోని షెర్బ్రూక్ పరిశోధకులు 30 మంది గర్భిణుల, 39 మంది గర్భిణులు కానివారి రక్తం పరీక్షించారు. క్రై1ఏబీ అనే బీటీ ప్రొటీన్ 93 శాతం గర్భిణుల్లో, 80 శాతం బొడ్డుతాడు నమూనాల్లో కనిపించిందని రాశారు. వాట్సాప్‌లో తిరిగేది ఇక్కడితో ఆగిపోతుంది. వాళ్లు వాడిన కిట్ మొక్కల ఆకుల్లో, గింజల్లో ఆ ప్రొటీన్ ఉందో లేదో చూడటానికి చేసింది. మనిషి రక్తంలో అది సరిగా పనిచేస్తుందని ముందుగా నిర్ధారించలేదు. రక్తంలో వేరే ప్రొటీన్లు అడ్డుపడితే లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. పైగా గర్భిణుల్లో సగటున వచ్చిన విలువ మిల్లీలీటరుకు 0.19 నానోగ్రాములు. ఆ కిట్ నమ్మకంగా గుర్తించగల కనీస పరిమాణమే దాదాపు 1 నానోగ్రాము. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడకను తూచినట్టు. ఆ మహిళలు జీఎం ఆహారం తిన్నారా లేదా అన్నదీ కొలవలేదు. ఈ బీటీ బ్యాక్టీరియాను సేంద్రియ సాగులో కూడా పురుగుమందుగా చల్లుతారు కాబట్టి, నిజంగా ఏదైనా దొరికినా అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ లెక్కతో తేలదు. బిడ్డకు హాని జరిగిందని ఆ పరిశోధకులు కూడా చూపించలేదు.

బీటీ ప్రొటీన్ పురుగును ఎలా చంపుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. గొంగళిపురుగు పేగులో మన కడుపులోలా ఆమ్లం ఉండదు, బాగా క్షారగుణం ఉంటుంది. అందులో ఈ ప్రొటీన్ కరిగి, ముక్కలై, పేగు గోడ మీదున్న ప్రత్యేకమైన గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన పేగులో ఆ గ్రాహకాలు లేవు. మన కడుపులోని ఆమ్లంలో, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము దగ్గర, బీటీ పత్తిలో ఉండే క్రై1ఏసీ రకం ప్రొటీన్ నిమిషంలోపే ముక్కలవుతుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఇక్కడ విమర్శకుల మాట ఒకటి న్యాయమైనదే. ఆ పరీక్షలు బాగా ఘాటైన ఆమ్లంలో చేసినవి. గుండెమంటకు మాత్రలు వేసుకునే గర్భిణి కడుపులో ఆమ్లం అంత ఉండదు. అప్పుడు జీర్ణం కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. కానీ వండినప్పుడే చాలావరకు ఆ ప్రొటీన్ రూపం చెడిపోతుంది, అతుక్కునే చోటు ఎలాగూ లేదు. జన్యువు సంగతంటారా, ప్రతి ముద్దలోనూ వరి జన్యువులు, కంది జన్యువులు, గోంగూర జన్యువులు తింటూనే ఉన్నాం. అవి బిడ్డలోకి చేరి పనిచేయడం మొదలుపెట్టవు.

ఇప్పుడు మీ వంటింట్లోకి వద్దాం. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ అనుమతిచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2010 ఫిబ్రవరి 9న కేంద్రం నిలిపేసింది. ఆ సభల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ నిలుపుదల ఎత్తేయలేదు. బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి బీటీ వంకాయ పండిస్తున్నారు. 2019లో హర్యానాలో దొంగచాటు సాగు బయటపడిన మాట వాస్తవమే, దాన్ని పీకించారు. రైతుబజార్లో మీరు కొనే గుత్తి వంకాయలు మామూలు రకాలో, హైబ్రిడ్లో. హైబ్రిడ్ వేరు, జీఎం వేరు: ఒక రకం పువ్వుకు ఇంకో రకం పుప్పొడి అద్ది తీసింది హైబ్రిడ్. టమాటా హైబ్రిడ్. స్వీట్‌కార్న్‌లో తీపి సహజంగా వచ్చిన జన్యుమార్పు వల్ల వచ్చింది. గింజల్లేని ద్రాక్షను తీగ కొమ్మలతో పెంచుతారు. ఎర్రగుజ్జు తైవాన్ బొప్పాయి కూడా హైబ్రిడ్డే. జీఎం బొప్పాయి 1998 నుంచి హవాయిలో ఉంది, మన దగ్గర లేదు. గర్భిణి బొప్పాయి విషయంలో చూసుకోవాల్సింది వేరు: పాలు కారే పచ్చికాయ వద్దు, బాగా పండింది తినొచ్చు. మీల్‌మేకర్ మన దేశపు సోయాతో చేస్తారు, మన రైతులకు జీఎం సోయా సాగుకు అనుమతి లేదు. వంకాయ తింటే ఒళ్లు దురద పెట్టేవాళ్లు ఉంటారు. అది వంకాయ సహజ గుణం, బీటీకి ముందు నుంచీ ఉన్నదే. మీకు దురద రాకపోతే మానక్కర్లేదు.

పండు మీద స్టిక్కర్ నంబరు 8తో మొదలైతే జీఎం అన్న మాట కూడా మీ గ్రూపులో వచ్చే ఉంటుంది. ఆ నంబర్లు దుకాణం బిల్లు కోసం పెట్టుకున్నవి. 8ని ఒకప్పుడు జీఎం కోసం కేటాయించినా దుకాణాల్లో వాడలేదు, 2015లో ఆ కేటాయింపూ తీసేశారు. దాన్ని చూసి కొనడం దండగ.

జీఎం మన ఇళ్లలోకి నిజంగా వచ్చేది నూనె దారిలో. విదేశాల నుంచి, ముఖ్యంగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనెలో ఎక్కువ భాగం జీఎం సోయాదే. కెనడా నుంచి వచ్చే కనోలా నూనె కూడా అంతే. ఇక 2002 నుంచి మన పొలాల్లో బీటీ పత్తి ఉంది కాబట్టి పత్తి గింజల నూనె దాదాపు అంతా దానిదే. మిక్చర్, చిప్స్ ప్యాకెట్ వెనక ‘కాటన్‌సీడ్’ అని, ‘బ్లెండెడ్’ నూనె డబ్బా మీద శాతాలతో సహా రాసి ఉంటుంది, చదవండి. అయితే నూనె అంటే కొవ్వు. ప్రొటీన్, జన్యు పదార్థం శుద్ధిచేసేటప్పుడు దాదాపు పూర్తిగా పోతాయి. జీఎం సోయా పొలాల్లో చల్లే గడ్డిమందు గ్లైఫోసేట్ నీటిలో కరిగేది, నూనెలో నిలవదు. పత్తి గింజలో గాసిపాల్ అనే సహజ విషం ఉంటుంది. దానికీ బీటీకీ సంబంధం లేదు, రిఫైన్ చేసేటప్పుడు పోతుంది. అందుకే గానుగలో పట్టించిన పచ్చి పత్తి నూనె ఎవరైనా ‘సహజం’ అని ఇస్తే తీసుకోకండి.

అయినా వద్దనుకుంటే మానేయడం తేలికే. వేరుశనగ, నువ్వు, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలకు జీఎం పంటలు మార్కెట్లో లేవు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే కార్న్ చిప్స్, సీరియల్స్ డబ్బాల మీద ‘బయోఇంజనీర్డ్’ అని ఉందేమో చూడండి, 2022 నుంచి అక్కడ అలా రాయడం తప్పనిసరి. మన దగ్గర 2013 జనవరి 1 నుంచి జీఎం ఉన్న ప్యాకెట్ ముందువైపు పైన ‘జీఎం’ అని వేయాలన్న నిబంధన ఉంది. సోయా నూనె ప్యాకెట్ మీద ఆ అక్షరాలు వెతికి చూడండి, దొరకడం కష్టం. ఈ విషయంలో జనం కోపం సబబే. తినేది ఏమిటో తెలుసుకునే హక్కుకు, అది ప్రమాదమా కాదా అన్నదానికి లంకె పెట్టకూడదు. ఏ నూనె అయినా మనిషికి రోజుకు 25 గ్రాములు, అంటే నలుగురికి నెలకు మూడు లీటర్లకు కాస్త పైన. ఈ లెక్క తప్పితే గుండెకు జరిగే నష్టం, ఆ నూనె జీఎమ్మా కాదా అన్న సందేహం కంటే చాలా పెద్దది.

పాల సంగతి. పత్తి చెక్క తిన్న పశువు కడుపులోనే బీటీ ప్రొటీన్ విరిగిపోతుంది. అలాంటి పశువుల పాలు పరీక్షిస్తే ఆ ప్రొటీన్ కనబడలేదు. కాచి తాగండి, చాలు.

అత్తయ్యగారి అనుమానం వేరే తరహాది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి తీసిన ‘కమల’ రకాన్ని 2025 మేలో ప్రకటించారు. ఇందులో బయటి జన్యువు లేదు. వరికి సొంతమైన ఒక జన్యువునే కత్తిరించి, వెన్నుకు గింజలు పెరిగేలా చేశారు. అందుకే 2022లో ఇలాంటివాటికి జీఎం నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు తొందరపాటు అనేవాళ్లున్నారు, వాళ్ల వాదన వినదగ్గదే. మీరు సన్నబియ్యం అని కొనే బస్తాలో ఎక్కువగా ఉండేవి మాత్రం సాంబ మసూరి, సోనా మసూరి లాంటి పాత రకాలే.

జీఎం మీద గొడవంతా వట్టిదే అనడం లేదు. బ్రెజిల్ నట్ జన్యువు పెట్టిన సోయా ఆ గింజ పడనివాళ్లకు అలర్జీ తెప్పించగలదని 1996లో తేలింది, దాన్ని మార్కెట్‌కే తేలేదు. అంటే ప్రతి కొత్త రకాన్నీ విడిగా పరీక్షించాల్సిందే. కంపెనీ ఇచ్చిన లెక్కల మీద కాకుండా స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షలు చేయాలని హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ చివరిదాకా పోరాడారు. ఆ డిమాండ్ ఇప్పటికీ బలమైనదే. గ్లైఫోసేట్ గడ్డిమందును ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న జాబితాలో 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చేర్చింది. అది ఎక్కువగా పిచికారీ చేసే రైతుకు, కూలీకి సంబంధించిన ప్రశ్న. ఎలుకలకు కణితులు వచ్చిన ఫొటోలు తిరుగుతుంటాయి. 2012 నాటి ఆ ఫ్రెంచ్ వ్యాసాన్ని పత్రిక మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. గుంపుకు పదేసి ఎలుకలే, అవీ వయసు మీదపడితే వాటంతటవే కణితులు వచ్చే జాతివి. ఆ వ్యాసాన్ని 2014లో ఇంకో పత్రిక వేసినా లోపాలు అవే. ఇప్పటికే అమ్ముతున్న జీఎం ఆహారం వల్ల మామూలు ఆహారం కంటే ఎక్కువ జబ్బులు వచ్చిన ఆధారం లేదని అమెరికా జాతీయ అకాడమీలు 2016లో చెప్పాయి. పోషకాల్లోనూ పురుగును, గడ్డిమందును తట్టుకునే రకాలకు, మామూలు వాటికి చెప్పుకోదగ్గ తేడా ఉండదు. విటమిన్-ఏ కోసం చేసిన గోల్డెన్ రైస్ లాంటివి వేరే కోవ, అవి మన దేశంలో లేవు.

మీరు నిజంగా జాగ్రత్త పడాల్సింది కూరగాయల మీద మిగిలే పురుగుమందు, మట్టి గురించి. వంకాయకు మొవ్వు, కాయ తొలిచే పురుగు బెడద ఎక్కువ, మందు చాలాసార్లు కొడతారు. కుళాయి ధార కింద ఒక్కో కాయను చేత్తో రుద్ది కడగండి, తొడిమ కింద కూడా. ఉప్పునీళ్లలో నానబెడితే పైపొర మీదిదే పోతుంది, కాయలోకి దిగిన మందు పోదు. మూసీ మురుగునీళ్లతో పెంచిన ఆకుకూరల్లో భారలోహాల బెడద ఉంటుంది. ఎక్కడ పండించారో చెప్పగలిగే రైతు దగ్గర కొనండి.

ఇక రక్తం. ఐదో నెలలో రక్తంలో నీటి భాగం పెరిగి హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజం. ఆరు వారాల పథ్యమొక్కటే దీన్ని 9.6కి దించి ఉండదు. కానీ 10 కంటే తక్కువ అంటే మధ్యస్థ రక్తహీనత. మీరు మానేసినవే దానికి కావలసినవి: మీల్‌మేకర్‌లో ఇనుము, ప్రొటీన్, టమాటాలో ఇనుమును ఒంటికి పట్టించే విటమిన్-సి, పాలలో కాల్షియం, బీ12.

ప్రభుత్వ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తహీనత లేనివాళ్లకు రోజుకు ఒకటి. మీలా 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు అన్నది జాతీయ విధానం. ప్రైవేటు మాత్ర అయితే అట్ట మీద ‘ఎలిమెంటల్ ఐరన్’ (అందులోని అసలు ఇనుము) ఎంతో చూసి మీ గైనకాలజిస్ట్‌తో మాట్లాడి మోతాదు మార్చుకోండి, మీ అంతట మీరు రెట్టింపు చేయకండి. మాత్రను నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ గంట ముందూ వద్దు, గంట తర్వాతా వద్దు. కాల్షియం మాత్రకు, దీనికి కనీసం రెండు గంటల ఎడం. ఈ ఒక్కటి పాటించక ఎంతమందికో మాత్రలు వేసుకున్నా రక్తం పెరగదు. వికారం పెడితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, మానేయకండి. విరేచనం నల్లగా రావడం మామూలే.

ప్రొటీన్ ఇప్పుడు రోజుకు 55 గ్రాములు, ఏడో నెల నుంచి 68 దాకా కావాలి (55 కిలోల బరువుకు). 25 గ్రాముల పొడి మీల్‌మేకర్‌లో 12, గుడ్డులో 6, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగులో 13, 60 గ్రాముల కందిపప్పులో 13 గ్రాములు వస్తాయి. మిగతాది అన్నం, రొట్టెల్లోంచి వస్తుంది. పప్పులో టమాటా వేయండి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి.

నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12, తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) కోసం హెచ్‌బీఏ2 పరీక్షలు చేయించాలి. అప్పుడు ఇనుమును సెలైన్ ద్వారా ఎక్కించాల్సి రావచ్చు. నులిపురుగుల మాత్ర వేసుకోకపోతే ఈ త్రైమాసికంలో వేసుకోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే మాత్రం నెల ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.